వెనకగది క్యాసెట్లు

యూనివర్సిటీ క్యాంపస్,
జూన్ 14

అమ్మా,

నీ ఆకుపచ్చ చీరకి ఫాల్ కుట్టడం అయిపోయిందని టైలరు అమ్మాజీ చెప్పింది. ఈ ఉత్తరం ఆ చీర మడతలోనే పెట్టి పంపిస్తున్నాను. చీర విప్పేముందు తలుపు వేసుకో. చెప్పనక్కర్లేదు, నువ్వు ఎలాగూ వేసుకుంటావు.

నేను బాగున్నాను. లైబ్రరీలో ఇంకా సెలవుల నిశ్శబ్దమే. మొన్న గాలివానకి మా క్వార్టర్ ముందు వేపకొమ్మ విరిగి మెట్లకి అడ్డంగా పడితే, నాలుగు రోజులు దాని మీంచి దాటుకుంటూ ఉద్యోగానికి వెళ్లాను. పాటలు కూడా బాగానే నడుస్తున్నాయి. పోయిన నెల ముషీరాబాద్‌లో ఒక చిన్న హాల్లో పాడితే కుర్చీలు చాలక జనం గోడవారన నిలబడ్డారు. నువ్వు వింటే బాగుండేది.

ఒక పని మీద రాస్తున్నాను. దేవేందర్ గురించి చెప్పాను కదా, రామంతాపూర్‌లో స్టూడియో ఉన్నతను. నా పాటలన్నీ రికార్డు చేసేది అతనే. ఇల్లు వదిలిన రోజు నా సంచిలో ఒక పాత క్యాసెట్ వచ్చేసింది. స్కూల్లో చదివేటప్పుడు వెనకగదిలో కూర్చుని టేప్‌రికార్డర్‌లో పాడుకున్నవాటిలో ఒకటి. అది అతనికి వినిపించాను. నవ్వుతాడనుకుంటే రెండుసార్లు విన్నాడు.

“అక్కా, గిప్పుడు మనం ఎంత పెద్ద మైకు పెట్టినా గీ సౌండ్ రాదు. ఫ్యాను తిరుగుడు, కుక్కర్ కూత, గాడ దూరంగ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ సైరన్. ఇల్లు ఇల్లంతా నీతోని పాడుతున్నట్టున్నది. ఇంకెన్ని ఉన్నయి ఇట్లాంటివి?” అన్నాడు.

ఇంకో పదకొండు ఉన్నాయి కదమ్మా, అటకమీద బూట్ల డబ్బాలో? వాటినన్నిటినీ బాగుచేసి, పెద్దగా మార్చకుండా ఉన్నవున్నట్టే విడుదల చేద్దామంటున్నాడు. ఇప్పుడు అలాంటి గరుకు పాటల్నే వెతుక్కుని వింటున్నారట. అప్పుడే ఒక చిన్న ముక్క ఫోన్లలో పెట్టాడు కూడా. చాలామంది విన్నారు.

నాన్న నా పేరెత్తనివ్వరని తెలుసు. నేను ఆ గేటు దాటి ఇరవై ఏళ్లు. నీ ఫోన్ ఆయన రోజూ తీసి చూస్తారు కాబట్టి అడగడానికి నాకు ఈ దారే ఉంది. వీలు చూసుకుని, రెండేసి చొప్పున జాకెట్ల సంచిలో పెట్టి అమ్మాజీకి ఇవ్వవూ?

నీ
సుప్రజ


తార్నాక,
జూన్ 21

చిన్నీ,

నీ ఉత్తరం చేరింది. చదివి పొయ్యిలో వేశాను. నువ్వూ నావి దాచకు.

పాట వినడానికి అంతమంది వచ్చారంటే కడుపు నిండింది. ఆ రోజు ఏం చీర కట్టుకున్నావో రాయనేలేదు.

క్యాసెట్ల సంగతి. అవి ఉన్నాయో లేదో నాకు గుర్తు లేదు. ఉన్నా చెమ్మకి పాడైపోయి ఉంటాయి. పోయిన వానల్లో అటకమీద గోడ ఉబ్బింది. నీకిప్పుడు మంచి మంచి పాటలు ఉన్నాయి, మంచి మైకులు ఉన్నాయి. గొంతు ముదరని వయసులో ఏదో పాడుకున్నవి ఇప్పుడు పదిమందికీ ఎందుకు? ఆ అబ్బాయికి వద్దని చెప్పు.

మీ నాన్నగారు బాగానే ఉన్నారు. కాలనీ సంఘానికి ఈసారీ ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. సెప్టెంబరులో డెబ్బై అయిదు నిండుతున్నాయని సన్మానం పెడుతున్నారు. వీధిలో అందరికీ ఆయనంటే చాలా గౌరవం.

వాన మొదలైతే చెయ్యి లాగుతోంది, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఏమీ అనుకోకు.

అమ్మ


యూనివర్సిటీ క్యాంపస్,
జూన్ 28

అమ్మా,

ఆ రోజు కట్టుకున్నది నువ్వు పంపిన వంగపండు రంగు నేత చీర. సరేనా?

క్యాసెట్లు ఉన్నాయో లేదో గుర్తు లేదని నువ్వు రాస్తే నమ్మలేకపోయాను. ఇంట్లో ఏ పాత దువ్వెన ఎక్కడుందో చెప్పగలిగే మనిషివి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు.

నాకు అవి కావాలమ్మా. పేరు కోసం కాదు. ఆ ఇంట్లోంచి నేను ఏమీ తెచ్చుకోలేదు. ఒక ఫొటో కూడా లేదు. పధ్నాలుగేళ్లప్పుడు నేనెలా ఉండేదాన్నో చెప్పడానికి నా దగ్గర ఆ ఒక్క క్యాసెట్టే ఉంది. మిగతావి కూడా నా చేతిలో ఉంటే బాగుంటుంది. చెమ్మ పట్టినా ఫరవాలేదు, దేవేందర్ ఆరబెట్టి బాగుచేస్తానన్నాడు.

ఒక్కసారి చూడు.

సుప్రజ


తార్నాక,
జూలై 8

చిన్నీ,

ఈ సంచిలో తొమ్మిది ఉన్నాయి. రెండు దొరకలేదు. వాటి గురించి మళ్లీ అడగకు.

ఎలా తీశానో రాస్తాను, ఇంకోసారి అటక ఎక్కమని నువ్వు అడగకుండా ఉండటానికి. శుక్రవారం పదిన్నరకి ఆయన బ్యాంకుకి వెళ్లారు. ఎప్పుడూ గంటంబావు పడుతుంది. స్టూల్ వేసుకుని ఎక్కాను. డబ్బాలోంచి తీసి చీర కుచ్చిళ్లలో దోపుకుంటున్నాను. తొమ్మిదోది దోపుకునేసరికి స్టూల్ కదలడం ఆగిపోయింది. కిందికి చూస్తే ఆయన రెండు చేతులతో స్టూల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నించి ఉన్నారో తెలీదు. గేటు చప్పుడు కాలేదు.

“ఏం వెతుకుతున్నావు?” అన్నారు.

“పాత కాఫీ ఫిల్టరు” అన్నాను. అదృష్టవశాత్తూ అది నిజంగానే అక్కడ ఉంది. తీసి చూపించాను.

“పడతావు శ్యామలా” అన్నారు. అంతే. కోపం లేదు, గొంతు పెంచలేదు. నేను దిగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ మాట ఆయన ఎలా అన్నారో నీకు రాసి చెప్పలేను, నీకే తెలుస్తుంది. కుచ్చిళ్లలో తొమ్మిది క్యాసెట్లు పెట్టుకుని ఆయన ముందే ఫిల్టరు కడిగి, కాఫీ కలిపి ఇచ్చాను. కప్పు కింద సాసరు టకటకమంటుంటే వానకి చెయ్యి లాగుతోందని చెప్పాను.

ఇక చాలు. వీటితో నీ ముచ్చట తీర్చుకో.

అమ్మ


యూనివర్సిటీ క్యాంపస్,
జూలై 20

అమ్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

మొన్న బుధవారం మధ్యాహ్నం దేవేందర్ రమ్మని కబురు చేస్తే రామంతాపూర్ వెళ్లాను. ఎప్పుడూ వాగుతూ ఉండేవాడు ఆ రోజు నా మొహం కూడా చూడలేదు. టీ తెప్పించాడు. తను తాగలేదు.

“అక్కా, క్యాసెట్లల్ల ఫ్యాను చప్పుడు జర తగ్గిద్దామని నీ గొంతు వేరే తీసి పెట్టిన. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, గొంతు ఒక దిక్కు, ఎనక ఉన్నదంతా ఒక దిక్కు అయితది. నీ గొంతు తీసేసినంక మిగిలింది ఇన్న. నేను ఇనకుండ ఉండాల్సుండె.”

హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చి బయటికెళ్లిపోయాడు.

నా గొంతు లేదమ్మా అందులో. ఫ్యాను ఉంది. సైరన్ ఉంది. ఆ వెనక నాన్న గొంతు ఉంది. మాటలు అన్నీ తెలియడం లేదు, ఆ తీరు తెలుస్తోంది. తర్వాత గిన్నె కింద పడి దొర్లిన చప్పుడు. తర్వాత నువ్వు. “పిల్ల వింటుంది. మెల్లగా” అన్నావు. కొట్టొద్దని అనలేదు నువ్వు. మెల్లగా అన్నావు.

తొమ్మిదింటిలో ఆరు క్యాసెట్లలో ఉన్నాయట ఇలాంటివి.

నేను బయటికి రాగానే దేవేందర్, “నీకు ఎర్కలేదా అక్కా?” అని అడిగాడు. తెలియదన్నాను. అతనితో ఆడిన ఆ అబద్ధం నీతో ఆడలేను. నాకు తెలుసు. ప్రతిసారీ తెలుసు. చరణం మధ్యలో ఆయన గొంతు లేచేది, నేను నా గొంతు ఇంకా పైకి లేపేదాన్ని. వినపడకూడదని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. చరణం మధ్యలో ఉన్నట్టుండి గొంతు పెంచడం నా ప్రత్యేకత అని పేపర్లో రాశారు ఒకాయన. ఆ పేపరు ముక్క కత్తిరించి నీకు పంపాను కూడా.

పద్దెనిమిదేళ్లకి నేను సంచి సర్దుకుని హాస్టల్‌కి వచ్చేశాను. నిన్ను అక్కడే వదిలేసి వచ్చాను. మీ ఇంటికీ నా గదికీ మధ్య మూడు కిలోమీటర్ల దూరం కూడా లేదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా అడగలేదు నేను. అడిగితే నువ్వు చెబుతావేమోనని భయం.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆయన ఇంకా నిన్ను కొడుతున్నారా?

పాటలు ఆపేయమని దేవేందర్‌కి చెప్పేశాను. ఫోన్లలో పెట్టిన ముక్క కూడా తీసేయమన్నాను.

సుప్రజ


తార్నాక,
జూలై 26

చిన్నీ,

నువ్వు ఏడ్చి ఉంటావని నాకు తెలుసు. ఏడవకు. నీ తప్పు ఏమీ లేదు. నీకు చెప్పని మాట ఒకటి ఉంది, అది తెలిస్తే నీ మనసు కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను.

ఆ టేప్‌రికార్డర్ నీ పుట్టినరోజుకి మీ మావయ్య తెచ్చాడని చెప్పాను. అతన్ని తెమ్మన్నది నేను. అంతకుముందు నువ్వు పక్కింటివాళ్లది రెండు రోజులు అడిగి తెచ్చుకున్నావు. నువ్వు వెనకగదిలో పాడుతున్నావు, ఇవతల ఆయన నా మీద లేచారు. ఇంతలో తలుపు సందులోంచి రికార్డర్ ఎర్రలైటు కనిపించింది ఆయనకి. చటుక్కున ఆగిపోయారు. ఎత్తిన చెయ్యి దింపేసి హాల్లోకి వెళ్లి పేపరు తీశారు. తన గొంతు అందులో పడుతుందని ఆయనకి బెదురు. ఆ రోజు అర్థమైంది నాకు.

“సుప్రజా, ఇంకో పాట పాడవే, రికార్డు చెయ్యి” అని నేను వంటింట్లోంచి ఎన్నిసార్లు అనేదాన్నో గుర్తుందా? నీ పాట ఇష్టమే, కానీ అందుకు మాత్రమే కాదు. నువ్వు పాడుతున్నంతసేపూ నాకు నిండుగా ఊపిరి ఆడేది. నువ్వు నన్ను వదిలేశానంటున్నావు. నాలుగేళ్లు నిన్ను నాకు అడ్డం పెట్టుకున్నది నేను. పధ్నాలుగేళ్ల పిల్లవి.

తర్వాత తర్వాత ఆయనకి ఆ లైటు అలవాటైపోయింది. పట్టించుకోవడం మానేశారు. నువ్వు విన్నవి అప్పటివి.

నువ్వు అడిగినదానికి జవాబు. ఇప్పుడు చెయ్యెత్తడం లేదు. వయసైపోయింది కదా. ఇప్పుడు పద్ధతి వేరు. నా బీపీ మాత్రలు ఆయన బీరువాలో ఉంటాయి. రోజూ పొద్దున ఆయనే తీసి ఇస్తారు. కోపం వచ్చిన రోజున ఇవ్వరు. “ఏం తప్పు చేశావో చెప్పు, ఇస్తాను” అంటారు. నాకు ఏం తప్పో తెలియక ఒక్కోటీ చెబుతూ పోతాను, ఆయన అనుకున్నది తగిలేదాకా. పోయిన నెల మూడు రోజులు తగల్లేదు. కళ్లు తిరిగి పెరట్లో కూలబడ్డాను. వీధిలో వాళ్లు ఆయన్ని ఓదార్చారు, పాపం ఈ వయసులో భార్యకి సేవ చేస్తున్నారని.

ఇది నీకు రాయకూడదని ఇన్నాళ్లూ ఆపుకున్నాను. రాసేశాను. నువ్వు మాత్రం ఇటు రాకు. నీకు దండం పెడతాను.

అమ్మ


యూనివర్సిటీ క్యాంపస్,
జూలై 28

అమ్మా,

ఈ సంచిలో జాకెట్ గుడ్డ కింద నెలకి సరిపడా మాత్రలు ఉన్నాయి. నీ పాత మందుల చీటీ అమ్మాజీ దగ్గర ఉంటే చూపించి కొన్నాను. ఆయనకి దొరకని చోట పెట్టుకుని రోజూ వేసుకో.

నువ్వు నన్ను అడ్డం పెట్టుకున్నానని ఇంకెప్పుడూ అనకు. ఆ నాలుగేళ్లలో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అదేనని నిన్న తెలిసింది.

ఇక్కడికి వచ్చెయ్. రెండు గదుల క్వార్టర్, ఒక గది ఖాళీగానే ఉంటోంది. బట్టలు వద్దు, ఏమీ వద్దు. అమ్మాజీ షాపుకి వచ్చినట్టే బయల్దేరి ఆటో ఎక్కు. నేను షాపులోనే ఉంటాను. ఏ రోజో చెప్పు, చాలు.

సుప్రజ


తార్నాక,
ఆగస్టు 6

చిన్నీ,

క్యాలెండర్ కాగితం వెనక రాస్తున్నాను. తెల్లకాగితాలు ఆయన లెక్కపెట్టి సొరుగులో పెట్టారు.

ఆయనకి తెలిసిపోయింది. పక్కింటి కొండలరావుగారు పాపం మంచి ఉద్దేశంతోనే వచ్చారు. “మీ అమ్మాయి చిన్నప్పటి పాటట సార్, మా కోడలికి ఎవరో పంపించారు” అని ఫోన్ చేతికిచ్చారు. నువ్వు తీయించేశానన్న ముక్కే. అది అప్పటికే చేతులు మారిపోయినట్టుంది. ఆయన నవ్వుతూ విన్నారు. పాట చివర నీ గొంతు ఆగాక, “నోర్ముయ్” అని ఒక్క మాట ఉంది. కొండలరావుగారికి అది వినపడలేదు, వినపడినా ఏదో చప్పుడనుకుంటారు. ఆయనకి వినపడింది. నాకూ వినపడింది. ఆయన మొహం చూశాను. సుప్రజా, ఆయన భయపడ్డారు. ఆ మనిషి భయపడటం నలభై ఏళ్లలో అదే మొదటిసారి నేను చూడటం. కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటారో నాకు తెలుసు, ఏ మూల నిలబడాలో తెలుసు. ఇలా ఉన్నప్పుడు ఏం చేస్తారో నాకు తెలీదు.

ఆ రోజే అటక ఎక్కి చూశారు. ఖాళీ డబ్బా దింపి భోజనాల బల్ల మీద పెట్టారు. “ఎన్ని ఇచ్చావు? ఇంకెన్ని ఉన్నాయి?” అన్నారు. అప్పట్నించి రోజుకొక అలమర చొప్పున వెతుకుతున్నారు. ఒక్కో డబ్బా తీసి, పప్పు చాటలో ఒంపి, చూసి, మళ్లీ పోసి, తుడిచి, ఉన్నచోటే పెడుతున్నారు. తొందర లేదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి భోజనానికి ఆపుతారు. వంటిల్లు అయిపోయింది. దేవుడి గది అయిపోయింది. నువ్వు పంపిన మాత్రలు వంటింట్లోనే దొరికిపోయాయి.

ఆ రెండూ నా దగ్గరే ఉన్నాయి. నీకు దొరకలేదని అబద్ధం రాశాను. నా చెయ్యి విరిగిన రోజుది ఒకటి. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పాను నీకు. నువ్వు టేప్‌రికార్డర్ ఆపడం మర్చిపోయి కాలేజీకి వెళ్లిపోయావు ఆ రోజు. రెండోది ఆ మర్నాటిది, ఆయన నాకు జారిపడ్డానని చెప్పడం నేర్పినది. అది నేనే మీట నొక్కి రికార్డు చేశాను. ఎందుకో తెలీదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ వినలేదు. నా దిండులో దూది తీసి లోపల పెట్టి కుట్టేశాను. దాని మీదే తలపెట్టి పడుకుంటున్నాను.

పడకగది ఇంకా మొదలుపెట్టలేదు.

వస్తానని చెప్పాలని ఉంది. ఇరవై ఏళ్లు నీకు గేటు మూసేసిన మనిషి నన్ను నీ గుమ్మంలో ప్రశాంతంగా ఉండనిస్తారా? నిన్ను ఉద్యోగం చేసుకోనిస్తారా? నాకు ఆలోచన సాగడం లేదు.

అమ్మ


యూనివర్సిటీ క్యాంపస్,
ఆగస్టు 18

అమ్మా,

నీ దగ్గర్నించి మాట లేక పన్నెండు రోజులు. ఎనిమిదో తారీకున రాసిన ఉత్తరం, పదమూడున రాసిన ఉత్తరం రెండూ అమ్మాజీ షాపులోనే ఉండిపోయాయి. నువ్వు రాలేదు. అమ్మాజీ రెండుసార్లు గేటు దాకా వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్లిందట.

నిన్న ఆగలేక నేనే వచ్చాను. మీ వీధిలో అడుగుపెట్టగానే నా కాళ్లు పధ్నాలుగేళ్ల పిల్ల కాళ్లయిపోయాయి. గేటుకి బయటినుంచి తాళం. పిలిస్తే నాన్న వరండాలోకి వచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత చూశారు నన్ను. “మీ అమ్మ చెల్లెలింటికి అమలాపురం వెళ్లింది. వచ్చాక చెబుతాను” అన్నారు, పోస్టుమాన్‌తో మాట్లాడినట్టు. సరేనని వెనక్కి తిరిగాను. తలెత్తితే డాబా మీద తీగకి నీ ఆకుపచ్చ చీర. నీళ్లు కారుతున్నాయి.

పిన్నికి ఫోన్ చేశాను. నువ్వు అక్కడికి రాలేదు.

అమ్మా, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాళ్ల మనిషి ఒకామె వచ్చి నాతో రెండు గంటలు కూర్చుంది. మంగళవారం పొద్దున పదకొండింటికి ఒక లేడీ కానిస్టేబుల్‌ని తీసుకుని ఇంటికి వస్తారు. నాన్న వాళ్ల ముందు గేటు తీయకుండా ఉండరు, వీధి అంతా చూస్తుంది కదా. అమ్మాజీ కూడా వాళ్లతో వస్తుంది. నన్ను మాత్రం వీధి చివర జీపులోనే ఉండమన్నారు, నన్ను చూస్తే గొడవ పెరుగుతుందని.

కానీ ఒక్క సంగతి. ఆమె గట్టిగా చెప్పింది: “మీ అమ్మగారు మేజర్. ఆమె వస్తనంటేనే మేము తీసుకపోతం. ఆమె నోట ఆ మాట రావాలె. సార్ ముందల అడుగుతం.” నీ బదులు నేను చెప్పడానికి కుదరదట. ఉత్తరాలు చూపించినా సరిపోదట.

ఒక్క మాట అమ్మా. వస్తాను అను. ఆ తర్వాత సంగతి తర్వాత.

ఈ ఉత్తరం అమ్మాజీ గోడమీంచి పెరటి తీగమీద జాకెట్‌లా ఆరేస్తానంది. నీ చేతికే దొరకాలని దేవుడికి మొక్కుతున్నాను.

సుప్రజ


యూనివర్సిటీ క్యాంపస్,
సెప్టెంబరు 3

చిన్నీ,

నువ్వు పక్కగదిలో ఏదో పాట దిద్దుకుంటున్నావు. నేను ఇక్కడ కూర్చుని నీకే ఉత్తరం రాస్తున్నాను. నవ్వుకో. నాకు నోటితో చెప్పడం రావడం లేదు, రాస్తే వస్తోంది.

ఆ మంగళవారం నువ్వు జీపులో ఉన్నావు కాబట్టి లోపల ఏం జరిగిందో నీకు తెలీదు. అడుగుతావని చూశాను. నువ్వు అడగలేదు.

వాళ్లు ముగ్గురూ హాల్లో నిలబడ్డారు. ఆయన కుర్చీలు వేసి, మంచినీళ్లు ఇచ్చి, నవ్వుతూ మాట్లాడారు. నాకు మతిమరుపు వచ్చిందని, బయటికి వెళ్తే దారి తప్పుతానని, అందుకే తాళమని చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే నాకే అనుమానం వచ్చింది. ఆ కానిస్టేబుల్ పిల్ల నా వైపు తిరిగి, “అమ్మా, మీరు మాతోని వస్తరా?” అంది.

గొంతు రాలేదు. నోరు తెరిచాను, లోపల ఏమీ లేదు. రెండోసారి అడిగింది. ఆయన నావైపు చూడను కూడా లేదు, కిటికీ వైపు చూస్తూ, “చూశారుగా, తనకి అర్థం కావడం లేదు” అన్నారు. ఆ పిల్ల మొహం చూస్తే ఇక లేచి వెళ్లిపోతుందనిపించింది. వెళ్లిపోతే గేటుకి మళ్లీ తాళం పడుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు కళ్లముందు కనిపించింది.

“వస్తాను” అన్నాను. ఎవరికీ వినపడలేదు. అమ్మాజీ ఒక్కతే తల ఎత్తింది. “గట్టిగ చెప్పుర్రి అమ్మా” అంది ఆ పిల్ల. “వస్తాను. లోపల నా దిండు ఉంది, అది తెచ్చుకుంటాను. ఆయన బీరువాలో నా మాత్రలు ఉన్నాయి, అవి ఇప్పించండి” అన్నాను. అంత పొడుగు మాట ఆయన ముందు ఎన్నేళ్లకి అన్నానో. ఆయన బీరువా తాళం తీస్తుంటే తాళంచెవి రెండుసార్లు తప్పింది. అది చూసి నాకు సంతోషం వేయలేదు. జాలీ వేయలేదు. తొందరగా మెట్లు దిగాలనిపించింది.

దిండులోని రెండు క్యాసెట్లూ మన కేసు చూస్తున్న లాయరమ్మకి ఇచ్చేశావు, మంచిది. అవి కేసు దాటి బయటికి రాకూడదు. మిగతావాటి గురించి నువ్వు నన్ను అడగలేక తిరుగుతున్నావు. ఇప్పుడు అడిగితే వద్దంటాను. వీధిలో వాళ్లు నా గొంతు ఎలా వింటారోనని నాకు సిగ్గు. కొన్నాళ్లు పోతే ఏమంటానో తెలీదు. నా మాట లేని మూడు క్యాసెట్లు ఉన్నాయన్నావుగా, వాటిని కావాలంటే ఆ అబ్బాయికి ఇవ్వు. అతను మొన్న వచ్చి నా కాళ్లకి దండం పెట్టి, “ఇన్నందుకు ఏమనుకోకుర్రి పెద్దమ్మా” అన్నాడు. వినకపోతే నేను ఇంకా అక్కడే ఉండేదాన్ని అని చెప్పాను. చెప్పానా, అనుకున్నానా? చెప్పాననే అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం దీనికోసం.

ఇవాళ సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి, “ఎవరైనా వచ్చారా?” అని అడిగావు. లేదన్నాను. అబద్ధం. నువ్వు వెళ్లిన గంటకి ఆయన వచ్చారు. దగ్గరికి రాకూడదని కోర్టు చెప్పినా వచ్చారు. తలుపు మెల్లగా, మర్యాదగా కొట్టారు. “శ్యామలా” అన్నారు. “సన్మానం పదిహేనో తారీకున. నువ్వు పక్కన లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు? తలుపు తియ్” అన్నారు.

నా చెయ్యి దానంతటదే గడియ మీదికి వెళ్లింది. నేను పంపలేదు. నలభై ఏళ్ల అలవాటు, గొంతు వినగానే వెళ్లిపోయింది. గడియ సగం జరిగింది కూడా. అక్కడ ఆగాను. తీయనూ లేదు, చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. ఆయన అవతల, నేను ఇవతల. ఎంతసేపో తెలీదు. మూడుసార్లు పిలిచారు. నాలుగోసారి గొంతు మారింది, పాత గొంతు వచ్చింది. అది విన్నాక గడియ వెనక్కి జరిపి పూర్తిగా వేశాను. తర్వాత చెప్పుల చప్పుడు మెట్లు దిగి వెళ్లింది.

లాయరమ్మకి రేపు నేనే చెబుతాను, నువ్వు నా పక్కన కూర్చో. ఆయన మళ్లీ వస్తారు. నాకు ఇంకా భయమే. నువ్వు తాళంచెవి తిప్పినా నా గుండె ఆగిపోతోంది. అందుకని రేపట్నించి నువ్వు వచ్చేటప్పుడు చప్పుడు చేయకుండా రాకు. మెట్ల దగ్గర్నించే ఏదో ఒకటి మాట్లాడుతూ రా. వచ్చేది నువ్వేనని తెలిస్తే నేనే లేచి తీస్తాను.

అమ్మ